తెట్టు దగ్గర ఆగిన రాత్రి

మాల్యాద్రీ, బండి తాళం ముందు నాకియ్యి.
సిలిండరు నోరు మూసినాకే
ఇంజను నోరు తెరవాల.

రెండింటికి కోవూరులో కదిల్తే
తెల్లారేసరికి చీమకుర్తి రాళ్లగుంతల కాడ
మొదటి దోసె పడాల, నిజమే.
ఆ తొందర నీ కాళ్లల్లో ఉంటే ఉండనీ,
చేతుల్లోకి రానీబాక.

పొయ్యి మీద ఇడ్లీ గుండిగ అట్టనే ఉంచితే
సన్న మంట మీద ఉడకతా ఉంటది,
పోయేలోపల పని కలిసొస్తది అన్నావే,
అట్టా కలిసొచ్చిన పనులే అబ్బయ్యా
మనుషుల్ని మట్టిలో కలిపేది.

సిలిండర్ని నిలబెట్టి కట్టు.
పడుకోబెట్టి జోకొట్టడానికి పసిబిడ్డ కాదది.
గొలుసు రెండు చుట్లు తిప్పి కొక్కేనికి తగిలించి
భుజంతో ఒకసారి నెట్టి చూడు.
కదిలిందా, నువ్వు కట్టనట్టే.

సబ్బునీళ్లు చేసినావా?
గుడ్డ ముంచి పైపు పొడుగునా రుద్దు,
రెగ్యులేటరు మెడ చుట్టూ రుద్దు.
లీకుంటే బుడగే చెప్పుద్ది.
అగ్గిపుల్ల గీసి చూసినోడు
చూసింది చెప్పడానికి మిగలడు.

నవ్వబాక. నేనూ నవ్వినదాన్నే.

ఆ యేడు తుపాను గాలికి
బండి తెట్టు దగ్గర పక్కకి తీసి
నేనూ మా వదిన చెంచులమ్మా
బియ్యం మూటల మధ్య ముడుక్కోని పడుకున్నాం.
జల్లు కొడతా ఉందని కిటికీ బిగించింది నేనే.
నడిరేయి ఏందో కుళ్లు వాసన.
కొబ్బరి పచ్చడి చెడిందేమోనని
లేచి లైటు కోసం చెయ్యి చాచినా.

చీకట్లో నా మణికట్టు దొరకబుచ్చుకుంది వదిన.
రెండు గాజులు పగిలి గుచ్చుకున్నయ్.
"గమ్మునుండు" అనింది, అంతే.
చూడకుండా, తడమకుండా
తన కొప్పు ముడేసుకున్నంత అలవాటుగా
నాబు తిప్పేసింది.
గొళ్లేన్ని కొంగుతో చుట్టి తీసింది,
ఇనుమూ ఇనుమూ తగలకుండా.
వాన లోపలికొచ్చింది. మేం బయటికొచ్చినాం.

గాలి కంటే బరువంట అది,
నేల పట్టుకోని పాకుద్దంట.
పామంటారు గానీ పాము నయం.
ఇదీ బుస కొడద్ది,
వాన చప్పుట్లో నీకు వినపడదు.

ఎవురో లారీ ఆయన ఆపి,
ఏందమ్మా ఈ వానలో అంటా
బీడీ నోట్లో పెట్టి అగ్గిపెట్టె తీసినాడు.
వదిన ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.
నానా మాటలూ అన్నాడు.
అంటా అంటానే ముక్కు ఎగబీల్చి,
బీడీ చెవి మీద పెట్టుకోని
తెల్లారిందాకా మాతో పాటు తడిసినాడు.
పేరు కూడా అడగలేదు మేం.

పొద్దున చూస్తే
సిలిండరు నోట్లో రబ్బరు వాషరు
పెళుసెక్కి పగిలుంది.
చింతగింజంత లేదు.
ఐదు రూపాయలకి రెండిస్తారు కావలి బజార్లో.

చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకో,
పొయ్యి ఎలిగించుకోని పడుకోబాక.
ఎంత వానైనా ఆ కిటికీ జానెడు తెరిచే ఉండాల.
మూసిన బండిలో మండే మంటకి
వాసన కూడా లేని విషం పుడద్దంట,
నిద్రలోంచి నిద్రలోకే తీసకపోద్దంట.
దాన్ని పసిగట్టను మా వదిన ముక్కు కూడా చాలదు.

సింగరాయకొండ బంకులో డీజిలు కొట్టించేటప్పుడు
ఇంకోసారి దిగి చూడు.
చూసిందే చూస్తావేందని
బంకు పిలగాళ్లు ఎకసెక్కాలాడతారు.
ఆడనీ.

ఇప్పుడు కళ్లు మూసుకో.
గట్టిగా మూయి, సందులోంచి చూడబాక.
నాబు ఎక్కడుంది?
అది గొలుసు. కిందికి కాదు, పైకి.
ఆఁ.
ఎటు తిప్పితే ఆగుద్దో
నువ్వు కాదు చెప్పాల్సింది, నీ చెయ్యి.
ఇంకోసారి.

ఇంకోసారి.

ఇదిగో తాళం.
సాంబారు కేను మూత బిగించినావా లేదా?