వానాకాలం చదువు

బల్ల మీద ఒక ఫైలు.
రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది.
యూఫీమియా బర్రగాన్. అరవై ఏడేళ్ళు.
ఊరు లబ్బక్, టెక్సస్.
'పూర్వపు చదువు' అన్న గడిలో
నీలం సిరాతో ఒకే ముక్క:
వాన పడ్డ రోజుల్లో.

ముందు నవ్వొచ్చింది నాకు.
తర్వాతి పేజీలో ఉంది సంగతి.
ఎండ కాస్తే ఇంటిల్లిపాదీ పత్తిచేలో,
వీపున గోతాం, వేళ్ళకు కాయ డొప్పల గాట్లు.
చినుకు పడితే పింజ తడుస్తుంది,
కాంటా ఆగుతుంది,
అప్పుడు పిల్లలకు బడి.
ఈ ఊళ్ళో ఏడాదికి ఎన్ని వానలో
ఇక్కడే పుట్టినదాన్ని, నాకు తెలుసు.
ఒక కరువేడు
ఆవిడ భాగహారం నేర్చుకోనే లేదు.

నా ఉద్యోగం ఇది:
జనం బతికినదాన్ని చదివి
క్రెడిట్లుగా మార్చడం.
నిబంధన ఒక్కటే. చేసినదానికి కాదు,
చేసి నేర్చుకున్నదానికే ఇవ్వాలి.
ముప్ఫై ఏళ్ళు నిప్పు పక్కన నిలబడ్డానంటే చాలదు,
నిప్పు గురించి ఏం తెలిసిందో రాయాలి,
కింద ఎవరైనా సంతకం పెట్టాలి.

ఆవిడ జిన్నింగ్ మిల్లు రిజిస్టర్ల నకళ్ళు పెట్టింది.
తేదీ, బేలు నంబరు, తూకం, తేమ.
తేమ గడిలో మిషను అంకె,
పక్కనే పెన్సిలుతో తన అంకె.
ఇరవై ఆరేళ్ళలో మూడు చోట్ల
రెండూ పొసగలేదు.
ఆ మూడుసార్లూ
మర్నాడు మిషను బాగుచేసినవాడి బిల్లు
పిన్ను గుచ్చి మరీ జతచేసింది.

'ఈ నైపుణ్యం ఎలా సంపాదించారు?
అయిదు వాక్యాలకు తగ్గకుండా వివరించండి.'
పింజని కింది పెదవికి ఆనిస్తాను, అని రాసింది.
మిగతా నాలుగు గీతలూ ఖాళీ.

కోర్సుల పుస్తకం మూడుసార్లు తిరగేశాను.
నాణ్యతా పరీక్ష ఉంది, మూడు క్రెడిట్లు.
చిట్టా ఆవర్జా ఉంది, అదో మూడు.
పెదవి లేదు.
గోడ మీద నా పట్టాలు రెండున్నాయి.
వాటికోసం ఏం చదివానో ఎవరైనా అడిగితే
నేనూ ఒక్క గీతే నింపగలనేమో.

స్పానిష్‌కి మాత్రం రాత పరీక్ష చాలు.
చెవులకు హెడ్‌ఫోన్లు, తొంభై నిమిషాలు.
నలభైలోనే ముగించి
అక్కడే కూర్చుండిపోయిందట.
'ఇక వెళ్ళొచ్చండీ' అన్నాడట కాపలా కుర్రాడు.
'ఉండనీ బాబూ, డబ్బు కట్టాను' అందట.

ఫలితం కాగితం తీసుకోడానికి వచ్చినప్పుడు
నా ఎదుటి కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని చెప్పింది:
మొదటి ప్రశ్నలో ఎవరో అమ్మాయి
హోటల్లో మంచినీళ్ళు అడుగుతుంది.
మా అమ్మ కూడా అదే మాటతో అడిగింది,
ఈ ఊరి బడిలోనే, ఆరేళ్ళప్పుడు.
టీచరమ్మ నీళ్ళిచ్చింది,
సబ్బుతో పాటు, నోరు కడుక్కోమని.
దీనికెన్ని ఇచ్చారన్నారు?

పన్నెండు, అన్నాను.

పన్నెండు, అని తనలో తాను అనుకుంది.
కోపం కాదు. నవ్వూ కాదు.
రిజిస్టరులో ఒక అంకె పక్కన
ఇంకో అంకె వేసుకుంటున్నట్టుంది.

మొత్తం పద్దెనిమిది. సంతకం చేశాను.
ఆల్జీబ్రాకి మాత్రం దొడ్డిదారి లేదు,
క్లాసులో కూర్చోవాల్సిందే అని చెప్పాను.
కాస్త భయంగానే చెప్పాను.
'కూర్చోడానికేగా వచ్చాను' అని లేచింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి
నా కిటికీలోంచి కనబడింది,
కొత్త నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని
పార్కింగు దాటి వస్తూ.
మధ్యలో ఒకసారి ఆగి తలెత్తి చూసింది,
అలవాటు కొద్దీ.

మబ్బు తునక లేదు.
పత్తి తీయడానికి పనికొచ్చే ఎండ.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.