బోర్లించిన ఫోను

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం రెండింటికి
నీడ కూడా బేరమాడితేనే దొరుకుతుంది.
వైర్ల చుట్టలు దాటుకుంటూ
ఎవరిదో టీ గ్లాసు తన్నకుండా తప్పుకుంటూ
ఢిల్లీబాబు కొట్టుకి వెళ్లాను.
కొట్టంటే కొట్టేం కాదు,
మెట్ల కింద మిగిలిన మూల.
ఒక బల్ల, ఒక భూతద్దపు దీపం,
చేటలో పోసిన చిక్కుడుగింజల్లా
మూతలు తీసిన ఫోన్లు.

కుక్కర్‌కి ఆనించి సీరియల్ చూస్తుంటే
నాలుగో విజిల్‌కి జారి పడింది నాది.
తెరంతా సాలెగూడు.

అతను తెల్ల స్టిక్కరొకటి తీసి
నా పేరు తమిళంలో రాశాడు.
కింద తొమ్మిది చుక్కలు పెట్టి
"గీత ఎట్లా పోతాదో చెప్పమ్మా" అన్నాడు.

మూడు వరుసలు, మూడేసి చుక్కలు.
చిన్న ముగ్గు.
మా ఆయనకి చెప్పలేదు దాన్ని.
మా పాప ఏ నిద్రలోనో నా వేలు పట్టుకుని నేర్చేసుకుంది.
ఇప్పుడీ మనిషి బాల్‌పెన్నుతో గీసి
ఫోను వీపున అంటిస్తాడట, అందరూ చూసేలా.

గొంతు తడారింది.
ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

నిరుడు వానలకి మూడ్రోజులు కరెంటు పోతే
టార్చిలైటు యాప్ ఒకటి వేసుకున్నాను.
వెలుతురివ్వడానికి దానికి
మా చిన్నత్త నంబరు కావాలంది.
నేనెక్కడున్నానో కావాలంది.
చీకట్లో ఉన్నాన్రా నాయనా అనుకుంటూ
సరే నొక్కాను.

ఏం చేయను? "వద్దు" అన్న మాటే లేదక్కడ.
"సరే" అని అరచేతంత నీలం బిళ్ల,
దాని కింద బూడిద రంగులో, ఆవగింజంత,
"ఇప్పుడు కాదు".
ఇప్పుడు కాదంటే రేపు అడుగుతుంది.
రేపు కాదంటే అన్నం తింటుంటే అడుగుతుంది.
ప్లాస్టిక్ బిందెలమ్మే ఆవిడ కూడా
మూడుసార్లు కాదంటే
నాలుగోసారి మా గడప తొక్కదు.

మొన్నొక రాత్రి
నేను పడుకున్నాక ఎవరో వంటింట్లోకొచ్చి
ఉప్పు డబ్బా ఇంగువ డబ్బా తావులు మార్చేసినట్టు
తెర మీద గుర్తులన్నీ జరిగిపోయాయి.
"మీ కోసమే మెరుగుపరిచాం" అని చీటీ ఒకటి.
ఆ వారమంతా
అక్కకి చేయబోయిన ఫోన్లు మేనేజరుకి వెళ్లాయి.

ఇవేవీ ఢిల్లీబాబుతో అనలేదు.
"పైన ఎడమ నుంచి కిందికి, ఆ తర్వాత కుడికి,
మళ్లీ మధ్యకి" అన్నాను, మెల్లగా,
పక్క కొట్టువాడికి వినపడకుండా.

వేడి గాలి ఊది తెర లేపుతూ అతనన్నాడు:
"ముందు గోటితో తీస్తే వచ్చేసేదమ్మా మూత.
ఇప్పుడు జిగురేసి మూసేస్తా ఉండారు.
తెరవకూడదంట.
వస్తువేమో మనదంట."

కొత్త తెర వెలిగింది.
గీత గీసి తెరిచాడు, రంగులు చూశాడు,
సరిగ్గా అప్పుడే గంట మోగింది.
నెల్లాళ్లుగా నేనెవరికీ చెప్పని ఆసుపత్రి పేరు,
"మీ రిపోర్టు సిద్ధం" అని తలమీద,
కొత్త గాజులో మరీ స్పష్టంగా.

ఢిల్లీబాబు ఫోను బోర్లించాడు.
బోర్లించి నా వైపు జరిపి
పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు,
అదేదో ఇప్పుడే బాగుచేయాల్సి ఉన్నట్టు.

షరతులు చదివించలేదు.
ఎక్కడా నన్ను సరే నొక్కమనలేదు.
స్టిక్కరు పీకి, ఉండ చుట్టి
టీ గ్లాసు అడుగున మిగిలిన చుక్కల్లో ముంచాడు.
నా ముగ్గు కరిగిపోయింది.

"పన్నెండొందలమ్మా."
బేరం ఆడలేదు నేను.

చింతాద్రిపేటలో రైలెక్కి కూర్చున్నానో లేదో
ఒడిలో ఫోను వణికింది.
రిపోర్టేమో మళ్లీ, అని భయపడ్డాను.
కాదు.
"రిచీ స్ట్రీట్‌లో మీ అనుభవం ఎలా ఉంది?"
ఐదు ఖాళీ నక్షత్రాలు.

నేనెక్కడికి వెళ్తున్నానో
ఇంట్లో కూడా చెప్పి రాలేదు.

ఆవగింజని వెతికే ఓపిక లేక
ఫోను బోర్లించాను.