వేరు తొడుక్కున్న ఇసుక

సజ్జ మొక్కని పీకి ఎంత దులిపినా
వేరుని వదలని ఇసుక కొంత ఉంటుంది.
చొక్కా చెయ్యిలా
వేరు పొడుగునా అంటుకుని, కాస్త తడిగా.
ఆ చొక్కా విప్పడం నా ఉద్యోగం.

ఫాతిక్ ఊరి చివర, రేకుల కప్పు ప్రయోగశాలలో
కరెంటు ఉన్నంతసేపే చల్లగా ఉండే పెట్టె పక్కన
ఉప్పునీళ్ళ గొట్టంలో వేరు వేసి కుదుపుతాను.
నీళ్ళు మబ్బేస్తాయి.
ఆ మబ్బులో ఎంతమంది అంటే
సెనెగల్ జనాభా అంతా
చిటికెడు మట్టిలో సర్దుకుని
ఇంకా చోటు మిగులుతుందంటాడు
మా పెద్దాయన జోగోయ్ థియావ్.

ఎవరు పిలిచారు వీళ్ళని?

మొదటి ఏడు, వేరే పిలిచిందనుకున్నాను.
ఆకు ఎండలో వండిన చక్కెరలో
అయిదో వంతు కిందికి జారిపోతుంది,
తనకే చాలని ఇల్లు
ఊరికి విస్తళ్ళు వేసినట్టు.
మొలక వయసులో ఒక వంట,
వెన్ను వేసేటప్పుడు ఇంకో వంట.
కొందరికి తీపి, కొందరికి పులుపు,
కొందరి మొహాన తలుపు.
వేరు మొన దగ్గర ఒక గుంపు,
ముదిరిన చోట వేరే గుంపు:
వంటింటి దాకా వచ్చే చుట్టాలూ
వసారాలోనే ఆగే చుట్టాలూ.

రెండో ఏడు
మా అమ్మమ్మ మోస్సాన్ గాదెలోంచి
ఒకే కంకి గింజలు తెచ్చి
నల్లమట్టి కుండీల్లో కొన్ని, తెల్ల ఇసుకలో కొన్ని నాటాను.
వంట ఇంచుమించు ఒకటే.
తినడానికి కూర్చున్నవాళ్ళు వేరు.
ఊళ్ళో ఉన్నవాడే కదా బంతికి వస్తాడు,
లేనివాణ్ణి ఏ నేతి వాసన రప్పిస్తుంది?
నేల ముందు, వేరు తర్వాత
అని పుస్తకంలో రాసి
కింద గీత కూడా గీశాను.
గీత గీసేవాళ్ళని చూసి మట్టి నవ్వుకుంటుందేమో.

మూడో ఏడు, ఏడో నంబరు చేను.
పక్క చేనిదే ఇసుక, అదే విత్తు, అదే వాన,
మధ్యలో గట్టయినా లేదు.
గొట్టంలో మాత్రం కొత్త జనం.
మళ్ళీ కడిగాను. వాళ్ళే.
తప్పు నా చేతిదేమోనని గోళ్ళు కత్తిరించుకున్నాను.
థియావ్ మెషిన్‌ని అనుమానించాడు,
మెషిన్ వాళ్ళు నన్ను.

ఆసామి లతీర్ ఫాయ్‌కి ఎనభై దాటాయి.
సాస్ చెట్టు కింద చాపేసుకుని ఉన్నాడు.
లోకమంతా తడిసినప్పుడు ఆకు రాల్చి
ఎండల్లో పచ్చబడే పెంకి చెట్టది.
నా కాగితం మీద రంగు పట్టీలు చూసి
"బట్టల కొట్టు పెట్టావా తెనింగ్?" అన్నాడు.
చెప్పాను, వచ్చినట్టు.
గడ్డం గోక్కున్నాడు చాలాసేపు.
"ఆ మూల ఫులానీల మంద పడుకుంది."
ఎప్పుడు?
"మా చిన్నది సిగా పుట్టిన ఏడు.
ఆవొకటి అక్కడే ఈనింది, అర్ధరాత్రి.
జున్ను మాకు కూడా పంపారు."

సిగా అవతల సజ్జలు దంచుతోంది,
వీపున పాపతో.
వేళ్ళు మడిచి లెక్కేశాను: ఇరవై రెండేళ్ళు.
పేడ ఏనాడో ఇసుకైపోయింది.
మంద ఏ నది ఒడ్డుకో వెళ్ళిపోయింది,
అందులో ఒక్క ఆవూ మిగిలి ఉండదు.
ఆ రాత్రి దిగినవాళ్ళ మనవలకు మనవలు
ప్రతి వానకీ
కొత్త వేరు గుమ్మం ముందు నిలబడుతున్నారు
మాదీ ఈ ఊరేనంటూ.

సాయంత్రం పుస్తకం తెరిచాను.
గీత చెరపలేదు.
పట్టికలో గడులున్నాయి: నేల, విత్తు,
వేరు వయసు, వాన ఎన్ని మిల్లీమీటర్లు.
చివర ఇంకొక గడి గీసి
అందులో ఏ కొలత వెయ్యాలో తెలీక
జున్ను అని రాశాను.

థియావ్ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"మిగతా చేలకి కూడా అడిగిరా" అన్నాడు.