అందరిదీ ఒకే బాకీ

ఉరవకొండ బస్టాండు వెనక
ఉజ్జినప్ప మామ మోటారు వైండింగు షాపు.
కాలిన రాగితీగ వాసన, వార్నిషు డబ్బా,
నూనెవేళ్ల అచ్చులు పడిన
పదకొండేళ్ల లాంగు నోటుబుక్కు.

దాన్ని కంప్యూటరుకు ఎక్కిస్తానంటిని.
అప్పటికి నాకు పైథాన్ వయసు నలభై రోజులు.

మొదట ఒకటే క్లాసు రాసినా: రైతు.
పేరు, ఊరు, మోటారు, ఎన్ని అడుగులు, బాకీ,
అన్నీ ఒకే చొక్కాజేబులో కుక్కినట్టు.
ఆమిద్యాల కర్రెన్న
రెండో మోటారు మోసుకొచ్చేసరికి జేబు చినిగింది.
మోటారు2 అని ఇంకో వరస చేర్చినా.
"మూడోది తెస్తే?" అన్నాడు మామ, స్టేటరులోంచి తల ఎత్తకుండా.

"మోటారు చేతులు మారుతాది పాపా.
నిరుడు కర్రెన్నది, ఈ ఏడు వాళ్ల వియ్యంకునిది.
అడుగులు మనిషివీ కాదు, మోటారువీ కాదు.
బోరువి.
ఆరునూర్ల యాభై అడుగులు
యాడికి పోతాయి? ఆడ్నే ఉంటాయి."

ఆ మాటతో క్లాసులు మూడయినాయి.

ఎండిన బోరుకు నీళ్లు అన్నచోట
సున్నా పెట్టాలా, ఏమీ పెట్టకుండా వదలాలా?
"సున్నానే కొట్టు.
ఖాళీగా వదిలితే ఇంకా ఆశ ఉన్నట్టు."

రాత్రి కరెంటు వచ్చినాక నడిపించి చూసినా.
కర్రెన్న పేరు మీద పద్దెనిమిదినూర్లు ఎక్కించి
సుంకమ్మ పేరు తెరిస్తే
ఆడా పద్దెనిమిదినూర్లు.
ఎర్రిస్వామికి, పెద్ద హుసేనికి,
నిన్ననే కొత్తగా చేరిన పిల్లోనికి కూడా.

బాకీల జాబితాను క్లాసు నెత్తిన పెట్టినా.
మనిషి మనిషికీ పుట్టేచోట పెట్టాల్సింది.
ఊరందరికీ కలిపి ఒకటే జాబితా అయి కూర్చుంది.

మామ అద్దాలు తుడుచుకుని
స్క్రీను దగ్గరికి వంగినాడు.
శానాసేపు చూసినాడు.
"ఇందులో తప్పేముంది?
వాన మొకం చూపని ఆ రెండేండ్లు
నా బుక్కులోనూ ఇట్లే ఉండె.
ఎవరి బాకీ ఎవరు కట్టిపోయినారో
నేనడగలే. వాళ్లూ చెప్పలే."

ఒక్క వరస. అంతే.
పైనుంచి తీసి లోపలికి జరిపి
ముందర సెల్ఫ్ అని చేర్చినా.
సెల్ఫ్ అంటే తను.
తన పేరు, తన ఊరు, తన బాకీ.

సుంకమ్మది సున్నా అయ్యింది.
ఎర్రిస్వామిదీ, హుసేనిదీ, పిల్లోనిదీ.
పద్దెనిమిదినూర్లూ
కర్రెన్న ఒక్కడి మీద నిలబడినాయి.

"ఇప్పుడు సరిపోయింది మామా" అన్నా.

మామ ఏమీ అనలేదు.
కటింగు ప్లేయరుతో
కాలిన తీగను ఒక్కొక్క చుట్టే లాగుతా ఉన్నాడు.