తాలు

ఏటుకూరు రోడ్డు మలుపులో
ఉజ్జీవ కూటాల మూడో రాత్రి.
షామియానా కింద, తెల్లగుడ్డ మీద
లోకాంతం బొమ్మ గీయించుకొచ్చాడు ఎలీషా పాస్టరు.
ఏడు ముద్రలు, ఏడు బూరలు,
నల్లగుర్రం మీద త్రాసు పట్టుకున్నవాడొకడు.
ఆ త్రాసును చూడగానే
హమాలీల వరుసలోంచి మా నాయన కృపావరం
పక్కవాడి చెవిలో అన్నాడు:
"తరుగెంత తీస్తాడో అడగరా."

నాకప్పుడు పదకొండేళ్లు.
నవ్వాలో భయపడాలో తెలియక
అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను.
ఎప్పటిలాగే ఘాటు. తుమ్మొచ్చింది.

పాస్టరు గారి బెత్తం ఆఖరి గడి మీద ఆగింది.
సింహాసనం, తెరిచిన పుస్తకాలు,
కుడివైపు వెలుగు, ఎడమవైపు మంట.
"ఏరేస్తాడమ్మా, ఆ దినాన ఏరేస్తాడు,
మీరు యార్డులో కాయ ఏరినట్టే!
ఎర్రకాయ ఇటు, తాలు అటు."
అందరూ ఆమెన్ అన్నారు.
అమ్మ అనలేదు.

లేయమ్మ. మా అమ్మ.
పొద్దున ఆరింటి నుంచి కుప్ప ముందు కూర్చుని
తేజకాయలోంచి తాలు ఏరేది.
రాత్రి మజ్జిగ గిన్నెలో వేళ్లు ముంచి
గోడకు ఆనుకుని అలాగే కునికేది.
ఎందుకు తెల్లబడ్డావని ఏ కాయనీ అడగలేదు,
వానకు తడిసిందో, తెగులు తగిలిందో,
కల్లంలో అడుగున పడి ఎండే చూడలేదో.
అడుగుతూ కూర్చుంటే టిక్కీ తెమలదు,
కూలీ రాదు.

ఆ శుక్రవారం అర్ధరాత్రి
కోల్డ్ స్టోరేజీ అంటుకుంది.

పేట పేటంతా ఒకటే దగ్గు.
కళ్లు తెరిస్తే మంట, మూస్తే మంట.
పొగలో చంద్రుడు నిజంగానే నెత్తురు ముద్ద.
కమీషను కొట్టు షావుకారు కారూ
మస్తాను రిక్షా
ఒకే సందులో ఇరుక్కున్నాయి.
ఎలీషా పాస్టరు లుంగీ మీద, చెప్పుల్లేకుండా,
ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని
ఎవరి పిల్లాణ్ణో భుజాన వేసుకుని పరిగెడుతున్నాడు.
మేఘాల వైపు ఒక్కసారీ చూడలేదు.
నేను చూశాను.
బూర వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను.
ఫైరింజను వినపడింది, ఆలస్యంగా.

తెల్లారాక నాయన చూసొచ్చి
అరుగు మీద కూలబడ్డాడు.
"తేజా లేదు, తాలూ లేదు. అంతా ఒకటే బూడిద.
కాటా ఒక్కటి మిగిలింది, ముల్లు వంగి."

మధ్యాహ్నం అమ్మ రోట్లో కారం నూరింది.
మా ఇంట్లో ఎప్పుడూ తాలుకారమే.
వారానికో దోసెడు
కొంగులో పోసుకోనిచ్చేవాడు మేస్త్రీ.
రంగు రాదు. నాలుక చివర కాస్త చేదు.
వేడన్నంలో కలిపి ముద్ద నా నోటికందిస్తూ
అంది, నాతో కాదు:
"ఎడమ పక్కకి నేను తోసేసినయ్యే గదా
ఇన్నేళ్లూ మనల్ని సాకినయ్యి.
ఆయనైనా కాస్త నిదానంగా ఏరితే బాగుండు.
ఒక్కో కాయా ఎత్తి, ఎండలో అటూ ఇటూ తిప్పి..."
పొరబోయింది. చెంబెడు నీళ్లు తాగింది.
ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇన్నేళ్ల తర్వాత కూడా
మే నెల గుంటూరులో ఎవడో ఒకడు
లోకాంతానికి తారీఖు వేస్తూనే ఉన్నాడు.
నేను యార్డులో కాటా గుమాస్తాను.
ముల్లు లేదిప్పుడు, ఎర్రటి అంకెలు.
నాలుగింటికి పుస్తకాలు తెరుస్తాను.
రైతులు తువ్వాళ్లు భుజాన వేసుకుని
నా పెన్ను వంకే చూస్తుంటారు.
తరుగు గడి దగ్గరకొచ్చేసరికి
పెన్ను కాసేపు ఆగుతుంది.
వెనక, కుప్పల మధ్య
ఎవరో ఆడమనిషి తుమ్ముతుంది.