ఏడో దరువు

ఆదివారం రాత్రి పాత సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించిన.
తెల్లారేసరికి తెర తేటగ,
అక్షరాలు సున్నం ఏసిన గోడ మీద రాసినట్టు.
మురిసిపోయిన.

సోమవారం ఇద్దమ్మ వచ్చింది.
ఎవలిదో పెండ్లి పత్రిక కవర్ల నుంచి సీడీ తీసింది,
మీద నీలి స్కెచ్ పెన్నుతోని:
బక్క మాసయ్య, పదకొండు దరువులు, మిర్యాలగూడ, 2006.
"ఎల్లుండి నాయిన ఏడాది మాసికం. ఫోన్ల ఏసియ్యి, షఫీ."
ఎంతసేపంటే పావుగంట అన్న.
కొండమల్లేపల్లి అడ్డరోడ్డు మీద
పావుగంట అంటే ఒక దేవరకొండ బస్సు.

డ్రైవ్ నోరు తెరిచింది, మింగింది, గుర్రుమన్నది.
తెర మీద ఒక్కటే మాట:
ఈ పరికరాన్ని ముట్టే అనుమతి మీకు లేదు.
చదివి చెప్పిన.
ఇద్దమ్మ పండ్లన్ని కనబడేటట్టు నవ్వింది.
"గీ మాట నీ మిషన్‌కు ఎవలు నేర్పిన్రు?
మా నాయినకు ఊరంత చెప్పేది."
నేను నవ్వలె.

నా దుకాణం, నా కరెంటు బిల్లు, నేను కొన్న డ్రైవ్.
కొత్త సిస్టమ్ వచ్చుడు వచ్చుడే
ముట్టేటోళ్ల జాబితాల నా పేరు కొట్టేసింది.
మళ్ల చేర్చుకున్న. దరఖాస్తు నాదే, మంజూరు నాదే.

ఒకటి నుంచి ఆరు దరువులు నీళ్లు తాగినట్టు వచ్చినయి.
ఏడోదానికాడ ఎర్రర్లు.
కేబుల్ పీకి, ఊది, పెట్టిన.
దూదికి స్పిరిట్ అద్ది కంటిని తుడిచిన.
సీడీని గుండ్రంగ గాదు, నడుమ నుంచి అంచుకు తుడిచిన.
వేగం నలభై నుంచి నాలుగుకు దించిన,
ఎడ్లబండి నడక.
పచ్చ టిక్కు పడ్డది.
"అయిపోయిందమ్మా."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది.
కౌంటర్ అద్దం మీద వేళ్లు ఆడుతున్నయి, ఆగినయి.
"ఈడ ఒక దెబ్బ రెండుసార్లు పడ్డది."

నేను విన్న. నాకు అన్నీ దెబ్బలే.
సంగతి ఏందంటే,
డ్రైవ్ ఊపిరి తీసుకుందామని ఆగుతది,
మళ్ల మొదలుపెట్టేటప్పుడు ఏడ ఆగిందో మర్చి
జానెడు వెనక్కి వస్తది,
అతుకుకాడ అదే ముక్కను మళ్ల కుడుతది.
మాటలైతే నత్తి అని చిన్నపిల్ల గూడ పడుతది.
డప్పుకు నత్తి ఎవలు పట్టాలె?

ఆమె పట్టింది.
అతుకు వచ్చినప్పుడల్ల అద్దం మీద టక్కుమని కొట్టింది,
నేను చిట్టీ మీద నిమిషాలు, సెకండ్లు రాసిన.
పందొమ్మిది.
చదివినదాన్ని ఇంకోసారి చదివి సరిచూసుకునే సెట్టింగు
పాతదాంట్ల ఉండె,
కొత్తదాంట్ల ఎవలికీ చెప్పకుండ ఆరిపోయి ఉన్నది.
ఎలిగించిన.
నడుమ రెండు దేవరకొండ బస్సులు, ఒక సాగర్ బస్సు పోయినయి.
ఆమె ఒక్కదానికి గూడ తల తిప్పలె.

ఈసారి పద్దెనిమిది పోయినయి.
రెండు నిమిషాల నలభై ఒకటికాడ
ఇంకా ఒక సందు.
స్క్రూడ్రైవర్ తీసిన.

"గది ముట్టకు.
వానకాలం. డప్పు మెత్తబడ్డది.
స్టూడియోల మంట పెట్టనియ్యలె, తివాచీ కాల్తదని.
నాయిన అరచెయ్యితోని రుద్దుకున్నడు.
గది తప్పు గాదు."

సౌండ్ మొత్తం పెంచిన,
ఫ్యాను బంద్ చేసిన.
సందుల గరుకుగ ఏందో
తోలు మీద రాసుకుంటున్నది,
కాయలు కాసిన చెయ్యి.
ఆ తర్వాత సిర్ర పడ్డది.

ఇరవై రూపాయలు అన్న.
యాభై నోటు ఇచ్చి చిల్లర లెక్కబెట్టుకొని తీసుకున్నది,
సీడీని మళ్ల ఆ పెండ్లి కవర్ల పెట్టింది,
మూడో బస్సు వెనక ఉరికింది.

రాత్రి షట్టర్ దించుతుంటె
సిస్టమ్ అడిగింది, ఇంకో అప్‌డేట్ ఉన్నది, ఎయ్యాల్నా అని.
తర్వాత అని నొక్కిన.