ఏ రాయైతేనేం

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి, అంటారు గానీ
వెల్తా ఒప్పుకోదు.
"ఏ రాయో చెప్పు" అంటుంది,
కౌంటరు మీద నేను గుమ్మరించిన
పన్నెండు మల్చరు పళ్లనీ వేలితో కెలుకుతూ.

అంచు గుండ్రంగా అరిగితే ఇసుక.
పెచ్చు లేచిపోతే గులకరాయి.
మెడ దగ్గర పుటుక్కున విరిగితే మాత్రం
రాయి కాదు, తొందర:
"రోటరు వేగం అందుకోకముందే
మొద్దు మీదికి దించేశావు, ఇల్గ్వార్స్."
నేను టోపీ సర్దుకున్నాను.

రెండు పెట్టెలు ముందుకి తోసింది.
కత్తిపన్ను: బిర్చి కొమ్మని వెన్నలా కోస్తుంది,
డీజిలు తక్కువ తాగుతుంది,
రాయి తగిలిన పూటే మొద్దుబారుతుంది.
కార్బైడు మొన: కొయ్యదు, చితక్కొడుతుంది,
రాళ్లని లెక్కచెయ్యదు.
ధర వినగానే జివ్వుమన్నవి నా పళ్లు.

"మరి ఇదీ?"
మొన నిలువునా చీలింది. చీలికలో
నల్లటి ముక్కొకటి ఇరుక్కుని ఉంది.

సాల్దుస్ దాటాక, రోడ్డు పక్కన, పాత పైను.
బయటికి నున్నగానే ఉంది.
తాతల యుద్ధం నాటి ఇనుము,
ఎనభై వలయాలు కప్పుకుని
లోపల పడుకుంది.

వెల్తా దాన్ని దీపం కింద తిప్పింది, చాలాసేపు.
"దీనికి తగ్గ పన్ను నా దగ్గర లేదు."

చివరికి కత్తిపళ్లే కొన్నాను, ఇరవై నాలుగు,
బోల్టులు వేరే.
మొద్దుబారితే నూరుకోవచ్చు గదా.
పైనుల దగ్గర ఇకమీదట
ఇంజను ఆపి, డిటెక్టరు ఆనించి,
వైద్యుడిలా చెవి ఒగ్గాలి.

పాత పళ్లకి తుక్కు లెక్క
పదకొండుకే కట్టింది.
పన్నెండోది ఏ సొరుగులో పడిందో
నేనూ అడగలేదు.